గబ్బిలం రాత్రి ఏం తిన్నదో పొద్దున్నే తెలుసుకోవడం ఎలా

మా బడి వరండాలో చివరి స్తంభం దగ్గర రోజూ పొద్దున్నే పిప్పి పడి ఉండేది. చెరకు నమిలి ఊసినట్టుగా, బొటనవేలి గోరంత బిళ్లలు. కొన్ని రోజులు పసుపు రంగు, కొన్ని రోజులు ముదురు ఊదా. ఊడ్చే ఆయమ్మ విసుక్కునేది: "ఎవరో రాత్రంతా ఇక్కడే తిని, ఇక్కడే ఊసి పోతున్నారు టీచరమ్మా!" ఒక సాయంత్రం చీకటి పడ్డాక టార్చి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఏడున్నర ప్రాంతంలో చిన్న గబ్బిలం ఒకటి నోట్లో జామకాయ ముక్కతో వచ్చి దూలానికి వేలాడింది. నమలడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో నా ముందు మూడు బిళ్లలు పడ్డాయి.

నేను మారేడుమిల్లి అడవి అంచున ఒక బడిలో బయాలజీ చెబుతాను. ఆ రాత్రి నుంచి ఇప్పటికి ఏడేళ్లుగా గబ్బిలాల తిండిని రాసుకుంటున్నాను. ఒక్క గబ్బిలాన్ని కూడా పట్టలేదు, ముట్టలేదు. పాత నూలు చీర, టీ వడకట్టే జల్లెడ, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, పాత న్యూస్ పేపర్లు. ఇవే నా సామాను. మీ ఊళ్లో, మీ పెరట్లో, మీ దగ్గరి అడవిలో మీరూ ఈ పని చేయవచ్చు. ఎలాగో చెబుతాను, నేను చేసిన తప్పులతో సహా.

ముందు ఏ గబ్బిలమో చూడండి

మన దగ్గర గబ్బిలాల్లో ఎక్కువ రకాలు పురుగులు తినేవే. పాత గుడి గోపురాల్లో, బడి పైకప్పు సందుల్లో ఉండేవి చాలావరకు అవే. వాటి పెంటికలు ఎండి, ఎలుక పెంటికల్లా ఉంటాయి. పుల్లతో నొక్కితే పొడిపొడి అయిపోయి, అందులో పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తాయి. ఎలుకవి అలా పొడి కావు. మీ ఇంట్లో దొరికినవి ఇలా ఉంటే మీది వేరే గబ్బిలం, ఈ పద్ధతి దానికి పనికిరాదు.

పండ్లు తినేవాటిలో మనకు మామూలుగా కనిపించేవి మూడు. మర్రి, రావి, చింత, తెల్లమద్ది లాంటి పెద్ద చెట్లకు పట్టపగలు వందల కొద్దీ వేలాడుతూ అరుచుకునేది పెద్ద గబ్బిలం. ఒళ్లు ఎర్రటి గోధుమ రంగు, రెక్కలు నలుపు. రెక్కలు చాపితే నాలుగడుగులు. ఇంగ్లీషులో ఫ్లయింగ్ ఫాక్స్ అంటారు. రెండోది మా వరండాకు వచ్చేది. యాభై గ్రాముల ప్రాంతంలో తూగుతుంది, మొహం కుక్కపిల్ల మొహంలా ఉంటుంది, చెవుల అంచుకు తెల్లటి గీత ఉంటుంది. శాస్త్రవేత్తలు సైనాప్టెరస్ స్ఫింక్స్ అంటారు. నేను చిన్న గబ్బిలం అని రాస్తాను. మూడోది గుహల్లో, పాడుబడ్డ కట్టడాల్లో ఉండే రూసెట్టస్. మట్టి రంగు ఒళ్లు, పెద్ద కళ్లు. పండ్ల గబ్బిలాలు దాదాపు అన్నీ చూపుతో, వాసనతోనే పండును వెతుక్కుంటాయి. రూసెట్టస్ మాత్రం గుహ చీకట్లో నాలుకతో టిక్ టిక్ మని చప్పుడు చేసి, ఆ ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది.

ఏది ఎక్కడ తింటుంది అన్నది మూడింటికీ ఒకేలా ఉండదు. పెద్ద గబ్బిలం చాలావరకు పండ్ల చెట్టు మీదే వేలాడి తింటుంది. చిన్నది మాత్రం పండునో ముక్కనో నోట కరుచుకుని కాస్త దూరంలో తనకు నచ్చిన గుబురుకో, వరండాకో వెళ్లి తింటుంది. పండ్ల చెట్టు దగ్గర పాములు, గుడ్లగూబలు కాచుకుని ఉంటాయి కాబట్టి అలా దూరంగా వెళ్లడం దానికి క్షేమం. అది తినడానికి వాలే ఆ చోటును నేను 'తిండి కొమ్మ' అంటాను. పగలు నిద్రపోయే చోటు వేరు, తిండి కొమ్మ వేరు. ఈ తేడా దగ్గరే నేను మొదటి ఏడాదంతా పొరపాటు పడ్డాను. ఆ సంగతి కింద చెబుతాను.

గ్లౌజులు, మాస్కు

ఇది దాటేసి చదవకండి. మన పెద్ద గబ్బిలం ఒంట్లో మనుషుల ప్రాణాలు తీసే నిపా వైరస్ ఉండవచ్చు. దానికి జబ్బు చేయదు గానీ లాలాజలంలో, మూత్రంలో వైరస్ బయటికి వస్తుంది. 2018 మేలో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో ఎంత భయం పుట్టిందో మనందరికీ తెలుసు. గుహల్లో అయితే రెట్టల కుప్పల్లో పెరిగే బూజు ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేస్తుంది. అందుకని నా నియమాలు ఇవి. గుహ లోపలికి వెళ్లను. పెద్ద గబ్బిలాలున్న చెట్టు కింద టోపీ, ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు లేకుండా నిలబడను. తలెత్తి నోరు తెరిచి మాట్లాడను. కింద పడిన గబ్బిలం పిల్లనైనా ముట్టుకోను. కొరికిన పండును ఎంత బాగున్నా తినను, ఎవరినీ తిననివ్వను. పని అయ్యాక జల్లెడ, పళ్లెం బ్లీచింగ్ నీళ్లలో ముంచి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుగుతాను. పిల్లలకు తడి పిప్పి, రెట్ట ఇవ్వను. కడిగి ఎండబెట్టిన గింజలే వాళ్ల చేతికి వెళ్తాయి.

ఇంకొకటి. రిజర్వు అడవిలో ఈ పని చేయాలంటే ముందు అటవీ రేంజి ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకోండి. వల కట్టి గబ్బిలాలను పట్టడం మనలాంటివాళ్లు చేయాల్సిన పని కాదు. పండ్ల గబ్బిలాలు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో చాలాకాలం కాకులు, ఎలుకల పక్కన పురుగూపుట్రా లెక్కన 'వర్మిన్' పట్టికలో, అంటే చంపినా నేరం కాని వాటి జాబితాలో ఉండేవి. 2022 సవరణతో ఆ పట్టికనే తీసేశారు. చెట్టు మీద రాళ్లు వేసినా, టపాకాయలు కాల్చినా ఇప్పుడు ఎవరికీ మంచిది కాదు.

గుడ్డ ఎక్కడ పరవాలి

గబ్బిలాలు కింద పడేసే పిప్పి, రెట్ట, గింజలు పట్టడానికి మొదటి ఏడాది నేను రెండు చోట్ల గుడ్డ పరిచాను. ఒకటి బడి వరండాలో, ఒకటి ఊరి చివర పెద్ద గబ్బిలాలు పగలు పడుకునే రావిచెట్టు కింద. వరండాలో అంతా జామ, రావిచెట్టు కింద అంతా మేడి జాతి (మేడి, రావి, మర్రి, జువ్వి) గింజలు. నోటుబుక్కులో ధీమాగా రాసేశాను: 'చిన్న గబ్బిలం ముఖ్య ఆహారం జామ. పెద్ద గబ్బిలం ముఖ్య ఆహారం మేడి, రావి.' రెండూ తప్పే.

వరండా తప్పు తేలిగ్గానే తెలిసింది. మా హాస్టలు వెనక నాలుగు జామచెట్లు ఉన్నాయి. దగ్గర్లో జామ ఉంటే దగ్గరి తిండి కొమ్మ కింద జామే పడుతుంది. అదే గబ్బిలాలు అర్ధరాత్రి తర్వాత ఎటు పోతున్నాయో వరండా చెప్పదు. రెండో తప్పు తెలియడానికి చాలాకాలం పట్టింది. పండ్ల గబ్బిలం తిన్నది చాలాసార్లు అరగంట లోపే బయటికి వచ్చేస్తుంది. రసం మింగుతుంది, పీచు ఊసేస్తుంది, కడుపులో ఆగేది చాలా తక్కువ. అంటే తెల్లవారుజామున తిరిగొచ్చి పగటి చెట్టు కింద వేసే రెట్టలో కనిపించేది ఆ రాత్రి ఆఖరున తిన్న పండే. ఎనిమిది గంటలకు తిన్నది ఎప్పుడో ఏ గుట్ట మీదో, ఏ పొలంలోనో రాలిపోయి ఉంటుంది. పెద్ద గబ్బిలం రాత్రికి పదుల కిలోమీటర్లు తిరుగుతుంది. దాని భోజనంలో చివరి ముద్ద చూసి మొత్తం భోజనం చూశానని అనుకున్నాను నేను.

అందుకే ఇప్పుడు మూడు రకాల చోట్లు ఎంచుకుంటాను. పగలు పడుకునే చెట్టు కింద ఒకటి, తిండి కొమ్మల కింద కనీసం నాలుగు, పండిన చెట్ల కింద వీలైనన్ని. తిండి కొమ్మలను కనిపెట్టడానికి రాత్రి తిరగనక్కర్లేదు. పొద్దున్నే గుబురు చెట్ల కింద చూస్తూ నడవండి. మామిడి, పనస, పోర్టికోలు, బస్ షెల్టర్లు, తాటాకు పందిళ్లు. నేరేడు చెట్టు లేని చోట నేరేడు గింజల కుప్ప, ఇప్పచెట్టు లేని చోట గుజ్జు చీకేసిన ఇప్ప గింజలు కనిపిస్తే తల పైకెత్తండి, అక్కడే ఉంటుంది. మా దగ్గర కొండరెడ్ల పెద్దాయన ఒకరు నాకు ఇది నేర్పారు. ఇప్ప గింజలు ఏరుకోవడానికి వాళ్లు చెట్టు చుట్టూ తిరగరట, గబ్బిలం కూర్చునే మామిడి కిందికి పోతారట. "అది మనకోసం తొక్క తీసి పెట్టుద్దమ్మా" అన్నారు.

జీలుగు చెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు జీలుగు చెట్లు ఎక్కువ, కింద తెగిన గెల పోగులు పడి ఉంటాయి. రెండేళ్లపాటు నేను వాటిని తిండి కింద లెక్కేశాను. అది తిండి కాదు, ఇల్లు. చిన్న గబ్బిలం మగది గెల మధ్యలో పోగులను రోజుల తరబడి కొరికి కొరికి గంట ఆకారంలో గూడు చేసుకుంటుంది. నరమామిడి కొమ్మల మధ్య, తాటాకుల కింద, దట్టమైన తీగల్లో కూడా ఇలాగే కడుతుంది. ఆడవి కొన్ని వచ్చి అందులో చేరతాయి. కాబట్టి కింద పడిన పోగు మీద పంటి గాటు ఉన్నా నమిలిన గుర్తు లేకపోతే తిండి లెక్కలోకి తీసుకోకండి. ఇంకో మాట, ఆ జీలుగు కాయలను ఉత్త చేతులతో పట్టుకుంటే దురద భరించలేరు.

గుడ్డ సంగతి. మొదట నేను నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచాను. పొద్దున లేచేసరికి సగం చీమలు మోసుకుపోయాయి, వాన పడిన రోజు మొత్తం కొట్టుకుపోయింది. ఇప్పుడు వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టి, దానికి పాత నూలు చీర ముక్క బిగించి, మోకాలి ఎత్తులో నాలుగు కర్రల మీద నిలబెడతాను. వాన నీళ్లు చీరలోంచి దిగిపోతాయి, మేడి గింజంత చిన్నవి కూడా పైనే ఆగుతాయి. కర్రల మొదట్లో గ్రీజు రాస్తే చీమలు ఎక్కవు. దోమతెర వాడవద్దు, చిన్న గింజలు జారిపోతాయి. చట్రం కొలత అన్నిచోట్లా ఒకటే ఉండాలి. లేకపోతే ఏ చోట ఎక్కువ పడిందో పోల్చి చెప్పలేరు.

సాయంత్రం చీకటి పడకముందే గుడ్డ దులిపి ఉంచండి, పొద్దున ఆరులోపే తీయండి. ఆలస్యమైతే ఉడతలు, మైనాలు వచ్చి వాటి వంతు అవి వేసి పోతాయి, లెక్క చెడుతుంది. వారానికి రెండు రాత్రులు చాలు. రోజూ చేస్తానని మొదలుపెట్టిన ప్రతివాళ్లూ మూడో నెలలో ఆపేశారు.

పిప్పి, రెట్ట, గింజ

గుడ్డ మీద మూడు రకాలు పడతాయి. మూడూ మూడు సంగతులు చెబుతాయి, కలిపేయకండి.

పిప్పి అంటే రసం పీల్చి ఊసిన పీచు. గబ్బిలం పండు ముక్కను నాలుకతో అంగిలికి అదిమి పిండుతుంది. అందుకే బిళ్ల చదునుగా ఉంటుంది, కొన్నిటి మీద అంగిలి గీతలు కూడా కనిపిస్తాయి. మా ఊళ్లో ముసలమ్మలు గబ్బిలం నోటితోనే తిని నోటితోనే విసర్జిస్తుందని ఇప్పటికీ చెబుతారు. ఆ మాట పుట్టింది ఈ పిప్పి నుంచే. పిల్లలకు ఒక బిళ్లను గాజు పలక కింద పెట్టి చూపించి, పక్కన రెట్ట చూపిస్తే ఒక్క రోజులో ఆ సందేహం పోతుంది. పిప్పి రంగును తడిగా ఉండగానే రాయండి, ఎండితే అన్నీ గోధుమ రంగే. నేరేడుది ఊదా, మామిడిది పసుపు పీచు, జామది తెలుపులో గరుకు పలుకులు, మేడి జాతిది ఎర్రటి గోధుమ రంగులో సన్నని ఇసుకలా గింజలు.

రెట్ట నీళ్లగా, జిగటగా ఉంటుంది, గోడ మీద పడితే చారలా కారుతుంది. పక్షి రెట్టకూ దీనికీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. పక్షి రెట్టలో తెల్లటి సున్నం లాంటిది ఉంటుంది, గబ్బిలం రెట్టలో ఉండదు. రెట్టలో దొరికేవి మింగిన గింజలు. మేడి, రావి, మర్రి, జువ్వి, సింగపూర్ చెర్రీ, కొంతవరకు జామ. అంతకన్నా పెద్ద గింజలను చిన్న గబ్బిలం మింగలేదు.

మూడోది వదిలేసిన గింజ, తొక్క, ముచ్చిక. నేరేడు, ఇప్ప, వేప, బాదం, పొగడ ఇక్కడ దొరుకుతాయి. చిలుక కొరికి పడేసిన కాయ పచ్చిగా ఉంటుంది, ముక్కుతో కత్తిరించినట్టు అంచు పదునుగా ఉంటుంది, పీచు పిండి ఉండదు. ఉడత అయితే గింజనే కొరికి తింటుంది, పంటి గీతలు జంటగా కనిపిస్తాయి. మానుపిల్లి గింజలను మింగి ముద్దగా ఒకేచోట వేస్తుంది. గబ్బిలం గింజను చీకి, గీత పడకుండా వదిలేస్తుంది. ఏది ఎవరిదో తేల్చుకోలేకపోతే 'సందేహం' అని రాసి పక్కన పెట్టండి. నా నోటుబుక్కులో సందేహం గడి ఎప్పుడూ ఖాళీగా లేదు.

గింజల డబ్బా

పిప్పి చూసి పండు పేరు చెప్పడం రెండు వారాల్లో వస్తుంది. రెట్టలో గింజ చూసి చెట్టు పేరు చెప్పడం అలా రాదు. దానికి ముందే ఒక డబ్బా తయారు చేసుకోవాలి. అడవిలో, ఊళ్లో పండే ప్రతి చెట్టు కిందికీ వెళ్లి మీరే పండు కోసి, గింజ కడిగి, నీడలో ఆరబెట్టి, అగ్గిపెట్టెలో వేసి పేరు, తేదీ, చోటు రాయండి. పేరు తెలియకపోతే ఆకు, కొమ్మ పేపర్ల మధ్య నొక్కిపెట్టి ఉంచండి. నా డబ్బాలో ఇప్పుడు 64 అగ్గిపెట్టెలు ఉన్నాయి. ఇందులో సగం మా పిల్లలు తెచ్చినవే. వాళ్ల అమ్మానాన్నలకు తెలిసినన్ని చెట్ల పేర్లు నాకు తెలియవు.

రెట్ట పడిన గుడ్డ భాగాన్ని చిన్న టబ్బులో నీళ్లలో జాడించి, టీ జల్లెడలో వడకట్టండి. పెద్ద గింజలను ముందు పిండి జల్లెడతో వేరు చేస్తే పని తేలిక. మిగిలినదాన్ని తెల్ల కాగితం మీద పరిచి భూతద్దంతో చూడండి. మేడి జాతి గింజలు మిల్లీమీటరు ప్రాంతంలో ఉండి గసగసాల్లా కనిపిస్తాయి. మేడికీ రావికీ తేడా చెప్పడం భూతద్దంతో కష్టం. 'మేడి జాతి' అని రాసి, ఆ వారం ఏ చెట్టు పండిందో పక్కన రాయడం నిజాయితీ. జామ గింజ మూడు నాలుగు మిల్లీమీటర్లు, లేత పసుపు, రాయిలా గట్టిది. ఉస్తి, వంగ కుటుంబం గింజలు పలచగా నాణెంలా ఉంటాయి. మొదట్లో నేను వీటిని జామ అనుకుని రాసి, తర్వాత ఏడాది పేజీలన్నీ దిద్దుకున్నాను. గోటితో నొక్కితే తెలిసిపోతుంది, జామ లొంగదు.

ఎండబెట్టకుండా ప్లాస్టిక్ కవర్లలో వేసి మూట కట్టవద్దు. ఒక ఆగస్టులో అలా వేసి ఊరెళ్లి వారం తర్వాత వచ్చాను. నలభై కవర్లు బూజు పట్టిపోయాయి, నెల పని పోయింది. ఆ రోజు ఏడుపు వచ్చింది. న్యూస్ పేపర్ పొట్లాలే మంచివి. ఎండు వేపాకు వేస్తే పురుగు పట్టదు.

గుడ్డ మీద పడనివి

ఎంత బాగా పరిచినా గుడ్డ కొన్నిటిని చూడలేదు. ముఖ్యంగా తేనె. జనవరి నుంచి మార్చి దాకా బూరుగు పూస్తుంది, ఆ రాత్రుల్లో గబ్బిలాలు పూలలో మూతి పెట్టి తేనె నాకుతాయి. పిప్పి లేదు, గింజ లేదు. రెట్ట పసుపుగా, పలచగా ఉంటే ఒక చుక్క స్లయిడు మీద వేసి బడి మైక్రోస్కోపు కింద చూడండి. పుప్పొడి రేణువులు కనిపిస్తాయి. బూరుగు పువ్వు నుంచి మీరే తీసిన పుప్పొడితో పోల్చుకోండి. అరటి పువ్వు కూడా ఇంతే. ఇప్ప అయితే వేరు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప పువ్వు కండగా, తియ్యగా ఉంటుంది కాబట్టి దాన్ని నమిలి తింటాయి. మీగడ రంగు పిప్పి పడుతుంది.

ఆకులు కూడా తింటాయి. ఇది చాలామంది నమ్మరు. పండులో చక్కెర ఉంటుంది గానీ మాంసకృత్తులు తక్కువ, అందుకని లేత ఆకులు నమిలి రసం మింగి, పచ్చటి పిప్పి ఊస్తాయి. ఆకుపచ్చ బిళ్ల దొరికితే పచ్చికాయ అనుకుని పారేయకండి. ఈనెల ముక్కలు ఉన్నాయేమో నీళ్లలో విప్పి చూడండి.

ఇక కల్లు. జీలుగు కల్లు గీసే రోజుల్లో ఆ పెద్దాయన ఒక రాత్రి నన్నూ మా ఆయన్నూ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, కల్లు పట్టే లొట్టి అంచున వాలిన పెద్ద గబ్బిలాన్ని చూపించారు. "ఇది పండుకి రాలేదమ్మా, లొట్టికి వచ్చింది" అన్నారు. నాకు భయం వేసింది. బంగ్లాదేశ్‌లో నిపా మనుషులకు సోకిన ముఖ్యమైన దారి ఇదే, రాత్రి గబ్బిలం నాకిన పచ్చి ఖర్జూర రసం తాగడం. అక్కడ వెదురుతో అల్లిన తడకలను చెట్టుకు గీసిన చోటు చుట్టూ, కుండ చుట్టూ కట్టి గబ్బిలాన్ని రానీయకుండా చేస్తారు. ఆ బొమ్మ నేను కాగితం మీద గీసి ఆయనకు ఇచ్చాను. ఇప్పుడు ఆయన చెట్టుకు తడక ఉంది. మీ ఊళ్లో తాటి కల్లో, ఈత కల్లో గీసేవాళ్లు ఉంటే వాళ్లకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

నోటుబుక్కు

ప్రతి గుడ్డకూ ఒక వరస. తేదీ, చోటు, ఏ గబ్బిలం, పిప్పి బిళ్లలు ఎన్ని, ఏ రంగు, గింజలు ఏవి, సందేహాలు. దాని పక్కనే ఇంకో గడి ఉండాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఆ వారం చుట్టుపక్కల ఏయే చెట్లు పండి ఉన్నాయి? గుడ్డ మీద నేరేడు ఎక్కువగా పడిందంటే గబ్బిలానికి నేరేడు ఇష్టమనా, లేక ఆ వారం నేరేడు తప్ప ఏమీ పండలేదనా? పండిన చెట్ల జాబితా లేకపోతే ఈ ప్రశ్నకు ఎప్పటికీ జవాబు రాదు. నేను నెలకు రెండుసార్లు ఒకే బాటలో నడిచి, గుర్తు పెట్టుకున్న 80 చెట్లను చూసి, పూత, కాయ, పండు అని రాస్తాను.

ఏడాది పేజీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కనిపించింది ఇది. శీతాకాలం చివర బూరుగు తేనె, తర్వాత ఇప్ప పువ్వు, ఎండల్లో మామిడి, జూన్ జూలైల్లో నేరేడు, ఇప్ప పండు, వేప, వానలు తగ్గేటప్పుడు సీతాఫలం, చలి మొదలయ్యాక జామ. ఇవన్నీ కొద్ది వారాలు వచ్చి పోయే చుట్టాలు. వీటి మధ్య ఖాళీల్లో, ఏమీ పండని వారాల్లో, గుడ్డ మీద ఎర్రటి గోధుమ రంగు పిప్పి మాత్రం ఆగలేదు. మేడి జాతి చెట్లన్నీ ఒకేసారి పండవు. ఒక మర్రి అయిపోయేసరికి ఇంకో జువ్వి మొదలవుతుంది. ఏడాది పొడవునా అడవిలో ఏదో ఒక మేడి పండి ఉంటుంది. మొదటి ఏడాది తొందరపడి రాసిన 'ముఖ్య ఆహారం మేడి' అన్న మాటకు ఐదో ఏడాదికి గానీ నా దగ్గర ఆధారం రాలేదు. అది కూడా ఇష్టమైన తిండి అని కాదు, ఆకలి రోజుల్లో ఆదుకునే తిండి అని.

పనామాలో గాటూన్ సరస్సు మధ్య బారో కొలరాడో అనే దీవి ఉంది. అక్కడి అడవిలో పండ్ల గబ్బిలాల మీద చాలా దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. అక్కడివి మన గబ్బిలాలకు దగ్గరి చుట్టాలు కావు, వేరే కుటుంబం. అయినా ఆర్టిబియస్ అనే గబ్బిలం అక్కడ కూడా మేడి జాతి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కరోలియా అనే చిన్నది మన మిరియాల జాతి మొక్కల కాయలను వెతుక్కుంటుంది. ఇది చదివాక నేను మా అడవిలో మిరియాల తీగల కింద కూడా గుడ్డ పరిచాను. ఇప్పటిదాకా ఏమీ పడలేదు, ఆ గడిలో సున్నా అని రాసి ఉంచాను. సున్నాలు కూడా రాయాలి.

తోట ఉన్నవాళ్లకు

జామ, సపోటా, మామిడి తోట ఉన్న రైతులు ఇదంతా విని "మా నష్టం సంగతేంటి?" అంటారు. వాళ్లది న్యాయమైన కోపం. మీ తోటలోనే చట్రం పెట్టి చూడండి. గబ్బిలం చెట్టు మీద పండిన కాయనే వాసన పట్టి వస్తుంది, గట్టి పచ్చికాయ జోలికి పెద్దగా పోదు. కాయ పక్వానికి రాగానే కోసి ఇంట్లో మగ్గబెట్టే రకాలకు అందుకే దెబ్బ తక్కువ. చెట్టు మీదే పండాల్సిన వాటికి గుత్తులకు కాగితం సంచులు కట్టడం, లేదా చెట్టు మీద వల బిగువుగా పరవడం మంచిది. వదులుగా వేలాడే సన్నటి నైలాన్ వల వేయవద్దు, అందులో చిక్కుకున్న గబ్బిలం రెక్క చిరిగి గంటల తరబడి చచ్చేదాకా కొట్టుకుంటుంది. అలా ఒకసారి చూశాను, మళ్లీ చూడలేను. తోట పక్కన మేడి చెట్టు ఉంటే కొట్టేయకండి. మీ నోటుబుక్కులో ఒక ఏడాది లెక్క వచ్చాక, ఏ వారాల్లో మీ తోటకు వస్తున్నాయో, ఏ వారాల్లో అసలు రావో మీకే తెలుస్తుంది. సంచులు ఆ వారాల్లోనే కడితే చాలు.

చివరగా, లెక్క అయిపోయిన గింజలను పారేయకండి. మేడి జాతి గింజలను ఇటుక పొడి, చివికిన ఆకుల ఎరువు కలిపిన ట్రేలో పైపైన చల్లండి. మట్టి కప్పవద్దు, వాటికి వెలుతురు కావాలి. గాజు పలక మూసి, రోజూ కొద్దిగా నీళ్లు చిలకరించండి. గబ్బిలం కడుపులోంచి వచ్చినవి ఒక ట్రేలో, పండు నుంచి మీరే తీసినవి ఇంకో ట్రేలో వేసి, ఏది ఎన్ని రోజులకు మొలిచిందో రాయండి. మా బడిలో ఈ పని తొమ్మిదో తరగతి వాళ్లది. పోయిన ఏడాది మొలిచిన జువ్వి మొక్కలు జానెడు ఎత్తు అయ్యాయి. రెండింటిని హాస్టలు గోడకు దూరంగా, బోరు పక్కన నాటాం. మిగతావి తొలకరి పడగానే పిల్లలు ఇళ్లకు తీసుకెళ్తారు.